రెడీమేడ్ ప్రాజెక్టు రిపోర్టులు అమ్మే ఒక నల్లగొండ జిరాక్స్ సెంటర్: సమీక్ష

నల్లగొండలో కళాశాలలకు వెళ్లే దారుల్లో జిరాక్స్ సెంటర్లకు కొదవ లేదు. వాటిలో ఒకదాని సేవలను, ముఖ్యంగా డిగ్రీ ఆఖరి సెమిస్టర్ విద్యార్థులకు అది అమ్మే రెడీమేడ్ ప్రాజెక్టు రిపోర్టును ఇక్కడ సమీక్షిస్తున్నాను. దుకాణం పేరు రాయడం లేదు, రాయవలసిన అవసరమూ లేదు. ఇదే సరుకు కొద్దిపాటి తేడాతో మహబూబ్‌నగర్‌లోనూ మిర్యాలగూడలోనూ దొరుకుతుంది. డిగ్రీ విద్యార్థులకు వాణిజ్యశాస్త్రం బోధించేవాణ్ణి కాబట్టి ఈ రిపోర్టులు ఏటా నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. ఈసారి వాటిని కొనేవాడి వైపు నుంచి చూడదలచి, డబ్బులిచ్చి ఒక ప్రతి తీసుకున్నాను.

దుకాణంగా చూస్తే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు పెద్ద యంత్రాలు, ఒక కంప్యూటర్, గోడకు వేలాడదీసిన నమూనా అట్టలు, ఎంత రద్దీ ఉన్నా విసుక్కోని యజమాని. మామూలు జిరాక్స్ పేజీకి రెండు రూపాయలు, స్పైరల్ బైండింగ్ రూ.40, ప్రాజెక్టు రిపోర్టు రూ.700, బంగారు అక్షరాల గట్టి అట్ట కావాలంటే మరికొంత. ఏ కళాశాలకు ఏ రంగు అట్ట కావాలో, ధ్రువీకరణ పత్రం ముందు రావాలో కృతజ్ఞతల పేజీ ముందు రావాలో, ఏ విభాగాధిపతి పేరు ముందు డాక్టర్ అని ఉండాలో ఆయనకు నోటికొచ్చు. ప్రాజెక్టు మార్గదర్శకాల మీద కళాశాలలు ఇచ్చే నోటీసులకన్నా ఆయన ఇచ్చే సమాచారం స్పష్టంగా ఉంటుందని ఒప్పుకోక తప్పదు. పేరు, హాల్‌టికెట్ నంబరు, గైడ్‌గా ఉన్న అధ్యాపకుడి పేరు చెబితే అరగంటలో రిపోర్టు చేతికి వస్తుంది.

ఇక సరుకు నాణ్యత. నేను కొన్న రిపోర్టు ఎరువుల కొనుగోలులో రైతుల సంతృప్తి మీద, నల్లగొండ మండలాన్ని ఆధారం చేసుకున్నట్టుగా, ఇంగ్లిష్‌లో తయారైనది. అరవై పైచిలుకు పేజీలు, అయిదు అధ్యాయాలు, చివర ప్రశ్నావళి. మొదటి మూడు అధ్యాయాలు ఎవరికీ హాని చేయవు, ఎందుకంటే వాటిని ఎవరూ చదవరు. నాలుగో అధ్యాయంలో మాత్రం నూరు మంది రైతులను అడిగి రాబట్టిన సమాచారమంటూ పట్టికలున్నాయి. ఒక పట్టిక ప్రకారం 62 మంది రైతులు ఈ ఎరువు ఇచ్చే మైలేజీ పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు. మరో పట్టిక ప్రకారం ఎరువును సకాలంలో సర్వీసింగ్ చేయించుకోవడం కష్టంగా ఉందని కొందరు అభిప్రాయపడ్డారు. ఒకానొక కాలంలో ఇది మోటారు సైకిళ్ల మీద రాసిన రిపోర్టని, కంప్యూటర్‌లో ఒక మాట తీసి మరో మాట పెట్టడంతో అది వ్యవసాయంలోకి వచ్చిందని గ్రహించడానికి ఎక్కువ సేపు పట్టదు. ఇంకో పట్టికలో నూరు మంది జవాబులు కూడితే నూట నాలుగు వచ్చాయి. అయిదో అధ్యాయంలోని సూచనల్లో, కంపెనీ యువతను ఆకట్టుకునే కొత్త రంగుల్లో ఎరువును తీసుకురావాలని ఉంది.

ఇటువంటి రిపోర్టుకు మార్కులు ఎవరు వేస్తారని పాఠకుడికి అనుమానం రావచ్చు. వేస్తారు, నూటికి డెబ్బై పైనే వేస్తారు. వైవా, అంటే మౌఖిక పరీక్ష, రోజున ఉదయం నుంచి సాయంత్రం లోపల ఒక తరగతి మొత్తాన్ని ముగించాలి కాబట్టి ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు నిమిషాలు. ఆ వ్యవధిలో పరీక్షకుడు అట్ట చూస్తాడు, సంతకాలు చూస్తాడు, టాపిక్ ఎందుకు ఎంచుకున్నావని అడుగుతాడు. విద్యార్థి బట్టీపట్టిన రెండు వాక్యాలు చెబుతాడు. అరవై పేజీలు తిరగేసే తీరిక ఎవరికీ లేదన్న సంగతి దుకాణదారుకు తెలుసు, విద్యార్థికి తెలుసు, గైడ్‌కు అందరికన్నా ముందు తెలుసు. రెడీమేడ్ రిపోర్టుకు ఉన్న అసలు గ్యారంటీ అదే.

ఒక వైవాలో దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన విద్యార్థి ఇదే రిపోర్టును, అట్ట రంగు మాత్రం మార్చి, నా ముందు పెట్టాడు. మైలేజీ సంగతి అడిగి అతన్ని ఇబ్బంది పెట్టదలచుకోలేదు. రిపోర్టు మూసి, ఇంట్లో ఏం పండిస్తారని అడిగాను. పత్తి అన్నాడు. అక్కణ్ణుంచి అతను చెప్పుకుపోయింది వింటూ కూర్చున్నాను. యూరియా బస్తా మీద రూ.266 అని ఉన్నా చేతికి ఆ ధరకు ఎందుకు రాదో, ఒక బస్తా కావాలంటే నానో యూరియా సీసా కూడా ఎలా అంటగడతారో, వరుసలో నిలబడలేక చెప్పులు పెట్టి పక్కకు వెళ్లిన రోజు ఏం జరిగిందో, పురుగుమందుల దుకాణంలో ఖాతా రాసుకుని పత్తి అమ్మినప్పుడు తీర్చే అప్పు మీద వడ్డీ ఎలా పడుతుందో, పత్తిని అదే దుకాణదారుకు ఎందుకు అమ్మవలసి వస్తుందో అతను లెక్కలతో సహా చెప్పాడు. మార్కెటింగ్, రుణ వ్యవస్థ, పంపిణీ మార్గాలు అని మేము పాఠాల్లో చెప్పేవన్నీ అందులో ఉన్నాయి. ఇదే ఎందుకు రాయలేదని అడిగితే, "ఫార్మాట్ ప్రకారం ఉండాలన్నరు సార్, ఇదంత ఇంగ్లిష్ల రాసుడు నాకు రాదు, ఇది ప్రాజెక్టు అయితదని ఎవ్వరు చెప్పలే" అన్నాడు.

ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది ఆ జవాబులోనే ఉంది. ఈ దుకాణం విద్యార్థి బద్ధకాన్ని చూసి పెట్టుబడి పెట్టలేదు. విద్యాసంస్థ అడుగుతున్నదేమిటో కచ్చితంగా తెలుసుకుని, సరిగ్గా అది మాత్రమే తయారు చేసి ఇస్తోంది. అడిగేది అట్ట, సంతకం, పేజీల సంఖ్య అయినంతకాలం వాటిని అందరికన్నా చౌకగా, శుభ్రంగా ఇవ్వగలిగేది జిరాక్స్ సెంటరే. విద్యార్థిలో నిజాయతీ లోపించిందని ఉపన్యాసమిచ్చే ముందు, నిజాయతీగా రాసినవాడికి ఈ ఏర్పాటులో అదనంగా ఏం దక్కుతుందో కూడా చూడాలి. సొంతంగా తిరిగి, రైతులను అడిగి, తప్పుల ఇంగ్లిష్‌లో నలభై పేజీలు రాసుకొచ్చిన అమ్మాయికి రూ.700 రిపోర్టు తెచ్చినవాడికన్నా తక్కువ మార్కులు పడడం నేను చూశాను. ఆమె అట్ట మెత్తగా ఉందని ఒక పరీక్షకుడు ఆక్షేపించాడు కూడా.

దుకాణంలో అమ్ముడయ్యే మరో సరుకు మైక్రో జిరాక్స్. దీన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది. రెండు వేళ్ల వెడల్పున్న కాగితపు పట్టీ మీద ఒక గైడ్ పుస్తకంలోని నాలుగు పేజీలు కుదించి ఎక్కిస్తారు, మడత మీద మడత వేస్తే అరచేతిలో ఇమిడిపోతుంది, ప్రతి మడత పైభాగాన జవాబు క్రమసంఖ్య ఉంటుంది. అక్షరం చిన్నదైనా చెదరదు. ఒక పేపరుకు పన్నెండు జవాబులు సరిపోతాయని దుకాణదారు ధైర్యంగా చెబుతాడు. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఆయన దగ్గరే దొరికే పాత ప్రశ్నపత్రాల కట్టను పక్కపక్కన పరిచి చూడాలి. ఒక ఏడు అడిగిన ప్రశ్న మరుసటి ఏడు విడిచి ఆ పై ఏడు తిరిగి వస్తుంది. కామా కూడా మారదు. నిర్వచించుము, ప్రయోజనాలు వ్రాయుము, తేడాలు తెలుపుము. ఈ మూడు క్రియల మీద నడిచే పరీక్షలో చిట్టీ పనికొస్తుంది. బ్యాలెన్స్ షీటు చేతికిచ్చి ఈ వ్యాపారికి అప్పు ఇవ్వవచ్చా అని అడిగే పరీక్షలో అదే చిట్టీ చేతిలో ఉన్నా పనికిరాదు. అటువంటి ప్రశ్నలు తయారు చేయడానికి సమయం పడుతుంది, దిద్దడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. జవాబు పత్రానికి ఇంత అని లెక్కగట్టి, రోజుకు ఇన్ని దిద్దాలని కూర్చోబెట్టిన మూల్యాంకన కేంద్రంలో ఆ సమయం దొరకదు.

చదివే సమయం మాత్రం దొరుకుతుందా? సెమిస్టర్‌కు 90 బోధన దినాలుండాలని యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) నిబంధన. మన రాష్ట్రంలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా విడతల వారీగా జరుగుతున్నాయి. మొదటి విడతలో చేరినవారికీ ఆఖరి విడతలో చేరినవారికీ మధ్య వారాల తేడా ఉంటుంది, పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకే రోజు. మూడేళ్లలో ఆరు సెమిస్టర్లు, వాటి మధ్య బ్యాక్‌లాగ్ పరీక్షలు, ఇంటర్నల్స్, రికార్డులు. మొదటి సెమిస్టర్ తప్పినవాడు మూడో సెమిస్టర్ పాఠం వినే రోజుల్లో మొదటి సెమిస్టర్ పేపర్లకు చదువుకుంటూ ఉంటాడు. పైగా ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చి, డిగ్రీలో ఇంగ్లిష్ మాధ్యమం తప్ప గత్యంతరం లేక చేరినవారు ఈ ప్రాంతంలో ఎక్కువ. అర్థం కాని భాషలో పన్నెండు జవాబులు బట్టీపట్టడానికీ వాటినే చిట్టీగా తీసుకెళ్లడానికీ మధ్య దూరం వారికి చాలా తక్కువగా కనిపిస్తుంది. తప్పును సమర్థించడం కాదు, గిరాకీ ఎక్కణ్ణుంచి పుడుతోందో చెబుతున్నాను.

బోధించేవారి సంగతి కూడా చెప్పాలి, అది దుకాణానికి సంబంధం లేనిదిగా కనిపించినా. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడేంతవరకు ఇక్కడి డిగ్రీ కళాశాలలు ఉస్మానియా పరిధిలో ఉండేవి. మెమో కోసం, రీకౌంటింగ్ కోసం హైదరాబాద్ తిరిగే బాధ తప్పింది, అది చిన్న మేలు కాదు. అయితే రాష్ట్రమంతటా విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. నియామకాలకు ఉమ్మడి మండలిని ఏర్పాటు చేసే బిల్లు 2022లో శాసనసభ ఆమోదం పొందినా దానికి గవర్నర్ ఆమోదం దక్కలేదు. ఆ లోటును కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్ట్ అధ్యాపకులతో పూడుస్తున్నారు. గంటకు ఇంత అని జీతం తీసుకుని, ఒకే రోజు రెండు కళాశాలల మధ్య బస్సులో తిరిగే అధ్యాపకుడు నలభై ప్రాజెక్టులకు గైడ్‌గా సంతకం చేయగలడు గాని, నలభై ప్రాజెక్టులను చదవలేడు.

ప్రైవేటు కళాశాల లెక్క మరోలా ఉంటుంది. అక్కడ చేరిన పిల్లల్లో ఎక్కువమంది చదువు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే నడుస్తుంది, దానికి 75 శాతం హాజరు కావాలి, ఏడాది నిలిచిపోతే సొమ్మూ నిలుస్తుంది. ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయి 2024లోనూ 2025లోనూ కళాశాలలే బంద్ పాటించిన సంగతి అందరికీ తెలిసిందే. యాజమాన్యం దగ్గర డబ్బు లేని నెలల్లో అధ్యాపకుడికి జీతం అందదు. ఇంటర్నల్ మార్కులు వేసేది ఆ అధ్యాపకుడే, ఫలితాల శాతాన్ని మరుసటి ఏడు కరపత్రం మీద అచ్చువేసుకునేది ఆ యాజమాన్యమే. ఇంత పొడవైన గొలుసులో కాపీని ఆపితే లాభపడేవారు ఒక్కరైనా ఉన్నారా అని వెతికితే నాకు కనిపించలేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన పరీక్షల్లో అక్రమాల నిరోధక చట్టం జైలు శిక్షల దాకా వెళ్తుంది. 2024లో వచ్చిన కేంద్ర చట్టం యూపీఎస్సీ, ఎస్ఎస్సీ, రైల్వే, బ్యాంకు, ఎన్టీఏ వంటి పరీక్షలకు ఉద్దేశించినది. సెమిస్టర్ పరీక్షల జోలికి రాదు. గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు ఎంత శాతం పోలికకు ఏ శిక్షో వివరంగా చెబుతాయి, 60 శాతం దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దు. కాని అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు వాటి పరిధిలోకి రావని అందులోనే రాసి ఉంది. అంటే నా చేతిలో ఉన్న రూ.700 రిపోర్టుకు ఆ నిబంధనలు వర్తించవు. పది, ఇంటర్ పరీక్షల రోజుల్లో కేంద్రాల చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్లు మూసివేయించడం మనకు అలవాటు; 144 సెక్షన్ అన్నది 2024 జూలై నుంచి కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163గా మారింది గాని అలవాటు మారలేదు. ఈ దుకాణదారుకు దానివల్ల నష్టమేమైనా ఉందా అని అడిగాను. "పరీక్ష రోజు మాకేం గిరాకీ ఉంటది సార్, అంతా ముందురోజు రాత్రికే అయిపోతది" అన్నాడు. అదే ఊపులో మరో మాట కూడా అన్నాడు: "మేము బైండింగ్ జేస్తం. లోపలి పేజీ తెరిచి చూసేటోళ్లు ఉంటే పిల్లగాండ్లు మా దగ్గరికి ఎందుకొస్తరు?"

స్క్వాడ్ వచ్చిన రోజున దొరికినవాడు డీబార్ అవుతాడు, మిగతా గది ఊపిరి పీల్చుకుంటుంది. అమెరికాలో డొనాల్డ్ మెక్‌కేబ్, లిండా ట్రెవినో 31 విద్యాసంస్థల్లో ఆరు వేలకు పైగా విద్యార్థులను అడిగి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, కాపీ మీద అన్నిటికన్నా బలంగా పనిచేసేది తోటివారు ఏం చేస్తున్నారన్న నమ్మకమేనని తేలింది. దేశం వేరైనా ఈ మాట ఇక్కడ కూడా నిలుస్తుంది. పక్కవాడు కొని తెచ్చి గట్టెక్కుతున్నాడని తెలిసిన నాడు, కొనకపోవడం తెలివితక్కువతనంగా కనిపిస్తుంది. చదువుతూ రాత్రిళ్లు ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్‌కు, పెట్రోలు బంకుకు పనికి వెళ్లే పిల్లలకు అది మరీ త్వరగా బోధపడుతుంది.

చాట్‌జీపీటీ వంటివి వచ్చాక ఈ దుకాణానికి పోటీ పెరిగిందనే చెప్పాలి. ఫోన్‌లో ఉచితంగా దొరికే రిపోర్టులో కనీసం ఎరువుకు మైలేజీ ఉండదు. దుకాణదారు దీన్ని తొందరగానే గ్రహించి, ఫోన్‌లో తెచ్చుకున్న పాఠాన్ని కళాశాల పద్ధతికి సర్ది అచ్చువేసి ఇచ్చే సేవ కూడా మొదలుపెట్టాడు. దాన్ని నేను వాడి చూడలేదు.

ఇటువంటి దుకాణాలు చేతులెత్తేసిన సందర్భం కూడా ఒకటుంది. మహబూబ్‌నగర్‌లో పనిచేసే ఒక మిత్రురాలు తన విద్యార్థులకు ప్రాజెక్టుగా సొంత ఊరి వలస లెక్కలు రాసుకురమ్మంది. కోస్గి, మక్తల్, నారాయణపేట వైపు నుంచి వచ్చిన పిల్లల ఊళ్లలో ముంబై, పుణెలకు పనికి వెళ్లిన కుటుంబం లేని వీధి ఉండదు. కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ ఎంత అడ్వాన్స్ ఇచ్చాడు, ఎన్ని నెలల పనికి, తిరిగి వచ్చేటప్పటికి చేతిలో ఎంత మిగిలింది, ఇంట్లో ముసలివాళ్లకు ఎంత పంపారు. పది పేజీలు చాలు, చేతిరాతతో, తెలుగులోనైనా సరే; నెలకోసారి రాసినంతవరకు తెచ్చి చూపాలి; చివర ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడుతుంది. అక్కడి జిరాక్స్ సెంటర్ల దగ్గర అటువంటి సరుకు లేదు, తయారు చేయడం గిట్టుబాటూ కాదు. ఆమె తరగతిలో ఉన్నది ఇరవై మంది లోపే అని కూడా చెప్పాలి. నూట ఇరవై మంది ఉన్న నా తరగతిలో ఇదే పని పెట్టాలంటే నాతోపాటు మరో ఇద్దరైనా పూర్తికాలం అధ్యాపకులు కావాలి, వైవాకు ఒక రోజు బదులు వారం కావాలి. అడిగితే విభాగం నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: రిపోర్టులన్నీ ఒకే సైజులో ఉండేలా చూడండి.

సేవలవారీగా నా అభిప్రాయం ఇది. ప్రాజెక్టు రిపోర్టు కొనదగినది కాదు. ఎప్పుడో ఒకప్పుడు నాలుగో అధ్యాయం తెరిచే పరీక్షకుడు తగిలితే రూ.700తో పాటు సెమిస్టరూ పోతుంది. మైక్రో జిరాక్స్ గురించి సిఫారసు చేసే ప్రశ్నే లేదు. పరీక్షలో రావచ్చని ఊహించిన ప్రశ్నలకు జవాబులిచ్చే గెస్ పేపర్లు కూడా అమ్ముతారు, వాటి ముద్రణ బాగుంది గాని జవాబుల్లో తప్పులున్నాయి, ముఖ్యంగా కాస్ట్ అకౌంటింగ్ లెక్కల్లో. బైండింగ్ మాత్రం పట్టణంలో నేను చూసినవాటిలో మేలైనది, సొంతంగా రాసుకున్నవారు కూడా నిశ్చింతగా ఇవ్వవచ్చు. పాత ప్రశ్నపత్రాల కట్ట సెమిస్టర్ వారీగా, ఏ సంవత్సరానిదో స్పష్టంగా రాసి, రూ.60కి ఇస్తారు, ప్రశ్నపత్రం తయారు చేసే అధ్యాపకులు కూడా ఒకటి కొని దగ్గర పెట్టుకుంటే మంచిది. ఫోన్‌పే తీసుకుంటారు. కళాశాలలు వదిలే వేళకు వెళ్తే నిలబడడానికి చోటుండదు కాబట్టి మధ్యాహ్నం మూడు లోపు వెళ్లాలి.